నలభై ఆరో ఏడు రావడం నా తప్పే

హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియంలు పెరుగుతున్నయ్, సర్కారు ఏం చేస్తుంది, కంపెనీలు దోచుకుంటున్నయ్ అని పొద్దున లేస్తే ఒకటే లొల్లి. నేను నల్గొండల జిరాక్స్ సెంటర్ నడుపుత. రేషన్ కార్డు, ఆధార్, ఆదాయం సర్టిఫికెట్, ఆరోగ్యశ్రీ కార్డు, డిశ్చార్జ్ సమ్మరీ, ఈ జిల్లాల మనిషి పుట్టినకాడి నుంచి పోయేదాక ఎన్ని కాగితాలు కావాల్నో అన్నీ నా మిషన్ల పడి లేచినయే, కాబట్టి ఈ ముచ్చట మాట్లాడే అర్హత ఢిల్లీల కూసున్న ఆర్థికవేత్తల కన్నా నాకే ఎక్కువుందని నా నమ్మకం. పద్దెనిమిదేండ్ల అనుభవంతోటి చెప్తున్న, తప్పు కంపెనీలది కాదు, సర్కారుది అసలే కాదు. తప్పు రోగులది. రోగం రానోళ్లది ఇంకా పెద్ద తప్పు, ఎందుకంటే వాళ్లు ఏం పని లేక వయసు పెంచుకుంటున్నరు.

నా సంగతే చూడుండ్రి. పోయినేడు మా ఫ్యామిలీ పాలసీకి జీఎస్టీతో కలిపి 22,400 కట్టిన. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఇంట్లోళ్లు తీసుకునే హెల్త్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ మొత్తానికే తీసేసిన్రు, పేపర్లల్ల దసరా ముందే వచ్చినట్టు రాసిన్రు, నేను కూడా షాపుల క్యాలిక్యులేటర్ తీసి 22,400ని 1.18 తోటి భాగిస్తే 18,983 వచ్చింది, ఇంటికి ఫోన్ చేసి మూడు వేల నాలుగొందలు మిగులుతున్నయ్ అని చెప్పిన, మా ఇంటామె ఆ పైసలకి అప్పుడే మిక్సీ చూసి పెట్టుకుంది. రెన్యువల్ మెసేజ్ వచ్చింది. 26,150. పక్కనే జీఎస్టీ సున్న అని రాసి ఉంది. ఆ సున్న చూసుకుంటనే కడుపు నింపుకున్న.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసిన. "సార్ మీకు 46 స్టార్ట్ అయింది కద సార్, మీరు నెక్స్ట్ ఏజ్ బ్యాండ్‌లోకి వచ్చిన్రు" అని ఆ పిల్ల ఎంత మర్యాదగ చెప్పిందంటే నాకు ప్రమోషన్ వచ్చిందేమో అనుకున్న. ఐదేండ్ల సంది ఒక్క క్లెయిమ్ చెయ్యలేదమ్మా అన్న. "అవును సార్, చాలా మంచిది సార్, అందుకే మీకు బోనస్ కూడా వచ్చింది సార్" అన్నది. బోనస్ అంటే పైసలు కావు. ఐదు లక్షల కవర్ ఏడున్నర లక్షలైంది, అంటే ఇంకొంచెం పెద్ద రోగం తెచ్చుకునే అవకాశం ఇచ్చిన్రు, నేనే వాడుకుంటలేను.

వయసు తప్పు అట్లుంచితే ఊరి తప్పు ఒకటుంది. మా నాయనకి విడిగ పాలసీ తీసుకుందామని ఫారం ముందల పెట్టుకున్న. మాది మర్రిగూడ దిక్కు. ఆ నీళ్ల సంగతి ఈ జిల్లాల ఎవరికీ చెప్పక్కర్లే, నాగ్‌పూర్‌ల ఉన్న నీరి సంస్థోళ్లు నీళ్లల్లకెల్లి ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెట్టి దానికి నల్గొండ టెక్నిక్ అనే పేరే పెట్టిన్రు, అంత ఫేమస్ మేము. ఫారంల ఒక గడి ఉంది, ఇదివరకే ఉన్న జబ్బులేంది, ఎప్పటి నుంచి అని. నాయనని అడిగితే "బాయి నీళ్లు తాగినకాడి నుంచని రాయిరా" అన్నడు. ఆ బాయి తవ్వించింది ఆయన తాత. ఏజెంట్ తమ్ముడు మంచోడు, "అన్నా పాత జబ్బులకి పైసలు రావాలంటే ఆగాల్సిన వెయిటింగ్ పీరియడ్ ఇంతకు ముందు నాలుగేండ్ల దాక ఉంటుండె, 2024ల రూల్ మార్చి మూడేండ్లకి తగ్గించిన్రు, జెర ఓపిక పట్టుండ్రి" అన్నడు. మూడు తరాల సంది ఎముకలల్ల కూసున్న దాన్ని మూడేండ్లు ఆగమని చెప్పడానికి మాకేం ఇబ్బంది లేదు, చెప్తే వినేది కాదు అంతే. భగీరథ నీళ్లొచ్చినయ్, మంచిదే, కాకపోతే వంగిన నడుము నల్లా తిప్పితే సక్కగ కాదు గద.

65 దాటినోళ్లకి కూడా కొత్త పాలసీ ఇవ్వొచ్చని ఇన్సూరెన్స్ కంపెనీల మీద పెత్తనం చేసే ఐఆర్‌డీఏఐ 2024లనే చెప్పింది. 60 దాటినోళ్లకి ఏడాదికి 10 శాతం కంటే ఎక్కువ పెంచాలంటే ముందు మమ్మల్ని అడగాలె అని 2025 జనవరిల ఇంకో ఆర్డరేసింది. నాయన కొటేషన్ చూసినంక అర్థమైంది, ఎంత పెంచాలె అన్నదానికి ఆర్డర్ ఉంది గానీ మొదలే ఎంత చెప్పాలె అన్నదానికి లేదు. ఫారం మడిచి డ్రాల పెట్టిన.

ఇగ అమెరికా సంగతి. మా షాపు ఎదురుంగ హోటల్ల రోజూ ఏడింటికి పార్లమెంట్ కూసుంటది, స్పీకర్ ఒక రిటైర్డ్ హెడ్మాస్టర్ సారు, కొడుకు డాలస్‌ల ఉంటడు. కొడుక్కి కంపెనీ ఇన్సూరెన్స్ ఉంది, ఆయనకేం ఫరక్ పడదు, నిద్ర పట్టంది సారుకే. అక్కడ జనానికి హెల్త్ ఇన్సూరెన్స్ అందాలని 2010ల ఒబామా చట్టం తెచ్చిన్రు, కరోనా టైంల 2021ల దాని సబ్సిడీ పెంచిన్రు, నీ సంపాదనల 8.5 శాతం కన్నా ఎక్కువ ప్రీమియం నువ్వు కట్టక్కర్లే మిగిలింది సర్కారే కంపెనీకి కడతది అని, ఆ పెంచింది కాస్త 2025 డిసెంబర్ 31తోటి అయిపోయింది. పొడిగించాల్నా వద్దా అనే కొట్లాటల అక్టోబర్ 1 నుంచి నవంబర్ 12 దాక 43 రోజులు వాళ్ల కేంద్ర సర్కారే బందైంది. సబ్సిడీ తీసుకునేటోళ్లు ఏడాదికి సగటున 888 డాలర్లు కట్టేకాడ 1,904 కట్టాల్సొస్తదని కేఎఫ్ఎఫ్ అనే సంస్థ లెక్క కట్టింది. మా సారు ఆ రెండు అంకెలు చాయ్ గ్లాసు మీద వేలు కొట్టుకుంట చెప్తుంటే సొంత పెన్షన్ ఆగిపోయినట్టు ఉంటది.

పార్లమెంట్ల రెండు పార్టీలు. ఒకాయన ఫ్రీగ ఇస్తే జనం సోమరిపోతులైతరు అంటడు, ఆయన రైతు భరోసా పడ్డదా లేదా అని ఫోన్ల బ్యాంకు మెసేజ్ చూసుకుంటనే అంటడు. ఇంకొకాయన సబ్సిడీ మనిషి పేరు మీద ఇచ్చినా పోయేది కంపెనీ జేబులకే గద అంటడు, ఆయన మాటల కొంచెం దమ్ముంది గానీ చాయ్ పైసలు ఎప్పుడూ కట్టడు కాబట్టి ఎవరూ లెక్క చెయ్యరు. సారు మాత్రం "చూసిన్రా, జనం ఆరోగ్యం కోసం ప్రభుత్వాన్నే ఆపిన్రు, అదీ ప్రజాస్వామ్యం" అన్నడు. మన దగ్గర ప్రభుత్వం ఆగలే సారూ, దవాఖానలే ఆగినయ్ అన్న నేను. ఆ ముచ్చటకి మల్ల వస్త.

ముందు గీత గురించి చెప్పాలె. అమెరికాల పెంచిన సబ్సిడీ పోయినంక పాత గీత మల్ల వచ్చింది, పేదరికం లెక్కకి నాలుగు రెట్ల ఆదాయం దాటి ఒక్క డాలర్ ఎక్కువున్నా సబ్సిడీ సున్న. మన గీత ఇంకా అందంగ ఉంటది. ఆరోగ్యశ్రీకి చూపెట్టే రేషన్ కార్డు రావాలంటే ఊర్లల్ల ఏడాది ఆదాయం లక్షన్నర, టౌన్ల రెండు లక్షలు దాటొద్దు, తరి మూడున్నర ఎకరాలు, మెట్ట ఏడున్నర ఎకరాలు దాటొద్దు. మొన్న దేవరకొండ దిక్కు నుంచి ఒక పెద్దాయన పట్టాదారు పాసుబుక్ పట్టుకొచ్చిండు, ఎనిమిదెకరాల మెట్ట. నాలుగు బోర్లు ఏసిండట, నాలుగూ దుమ్మే. గుట్టబోరు, తుమ్మచెట్లు, అండ్ల మేకలు కూడా మొహమాటానికి మేస్తయట. కానీ రికార్డు ప్రకారం ఆయన అర ఎకరం ఎక్కువున్న జమీందారు. "అన్నా, ఆ అర ఎకరం మా బిడ్డ పేరు మీద చేస్తే కార్డొస్తదా, మా ఆమెకి గుండె ఆపరేషన్ చెప్పిన్రు" అని అడిగిండు. కార్డు సంగతి నాకు తెల్వదు కాక, జిరాక్స్ మాత్రం పద్నాలుగు పేజీలైతది అన్న. తర్వాత పైసలు తీసుకోబుద్ధి కాలే. ఇది నేను గొప్ప కోసం చెప్తలేను, ఆర్థికవేత్త అన్నంక కొన్ని నష్టాలుంటయ్.

మొన్న వానకాలంల మా నాయన వాకిట్ల జారిపడి చెయ్యి ఇరిగింది. ఒక ప్రైవేట్ హాస్పిటల్‌కి తీస్కపోయిన, పేరెందుకు. చెయ్యి పట్టుకుని ఆయన మూలుగుతుంటే కౌంటర్ల అమ్మాయి తల ఎత్తకుంట అడిగిన మొదటి మాట "కార్డా, ఇన్సూరెన్సా, క్యాషా?" అసలు ఎంతైతదమ్మా అన్న. "దేంట్ల చెప్పమంటరు?" అన్నది. నాకు ఆ క్షణంల జ్ఞానోదయం అయింది. ఒకటే చెయ్యి, ఒకటే బొక్క, ఇరిగింది కూడా ఒక్కకాడనే, రేట్లు మూడు. కూరగాయల మార్కెట్ల ఒకటే వంకాయకి మూడు రేట్లు చెప్తే తన్నులు పడతయ్, ఇక్కడ మాత్రం మనమే చేతులు కట్టుకుని ఏ రేటుకి పనికొస్తమో చెప్పుకోవాలె.

అందుకే నేను చెప్పేది, సబ్సిడీ ఎవరియ్యాలె, ప్రీమియం ఎవరు కట్టాలె అని డాలస్ నుంచి దేవరకొండ దాక కొట్లాడుకోవడమే మంచిది, ఎందుకంటే బిల్లు జోలికి పోతే అది మర్యాద కాదు. నా షాపుకి క్లెయిమ్ కోసం ఒకాయన 11 పేజీల బిల్లు తెచ్చిండు, రెండు రోజులు ఉన్నడు హాస్పిటల్ల. గ్లౌజులు 62 జతలు. నేను తప్పు చదివిన్నేమో అని మల్ల లెక్క పెట్టిన, 62యే. మంచం కాడికి ఎవరొచ్చినా షేక్‌హ్యాండ్ ఇచ్చే ముందు కొత్త గ్లౌజ్ తొడుక్కున్నా 62 కావు. కంపెనీయేమో గ్లౌజులు మా లిస్టుల లేవు అని కొట్టేసింది, ఆయన చేతి నుంచి కట్టిండు. 2017ల కేంద్రం ఫిబ్రవరిల గుండె స్టెంట్లకి, ఆగస్టుల మోకాలు ఇంప్లాంట్లకి ధర ఇంత దాటొద్దు అని సీలింగ్ పెట్టింది, మంచి పని, కానీ గ్లౌజులకి, కాటన్‌కి, నర్సమ్మ పలకరింపుకి సీలింగ్ లేదు. నీళ్లు పల్లానికి పోయినట్టు బిల్లు సీలింగ్ లేని దిక్కు పోతది, దాన్ని తప్పు పట్టొద్దు, అది ప్రకృతి ధర్మం.

ఇగ మనోళ్ల ఆరోగ్యశ్రీ. 2007 ఏప్రిల్ 1న మొదలు పెట్టిన మూడు జిల్లాలల్ల మా పక్క మహబూబ్‌నగర్ ఒకటి, తేదీ చూసి నవ్వొద్దు. మొదట్ల సర్కారు ఇన్సూరెన్స్ కంపెనీకి ప్రీమియం కడుతుండె, తర్వాత మధ్యల కంపెనీ ఎందుకని సర్కారు పెట్టిన ట్రస్టే సూటిగ హాస్పిటళ్లకి ఇచ్చుడు మొదలైంది. రెండు లక్షలున్నది ఐదైంది, 2023 డిసెంబర్ 9న పది లక్షలైంది, పది చేసిన ముఖ్యమంత్రి కూడా పాలమూరు బిడ్డనే. జ్వరమొస్తే, బీపీ గోలీలు కావాలంటే అది మన సొంత వ్యవహారం, రోగాన్ని కష్టపడి ఆపరేషన్ దాక పెంచి పెద్ద చేస్తే అప్పుడు సర్కారు చూసుకుంటది. నేను ఎకసక్కెం ఆడుతున్న అనుకోవద్దు, ఆ కార్డు మీద గుండె ఆపరేషన్ అయి నా షాపుకి నడుసుకుంట వచ్చి దండం పెట్టినోళ్లని చూసిన. పది లక్షలు ఉత్త మాట కాదు. కాకపోతే ఆ పది లక్షలు హాస్పిటల్‌కి ఎప్పుడు ముడతయ్ అన్నది కార్డు మీద రాసి ఉండదు.

2025 సెప్టెంబర్‌ల అదే అయింది. 1,400 కోట్ల దాక బకాయిలున్నయ్ అని ప్రైవేట్ హాస్పిటళ్లు ఆరోగ్యశ్రీ ఆపేసినయ్. ఆ రోజు రాత్రి షట్టర్ దించుతుంటే నాయనని తీస్కపోయిన ఆ హాస్పిటల్ నుంచే ఒక పిలగాడు ఉరికొచ్చిండు, చేతుల ఒక కాగితం, "ప్రభుత్వం నుండి బకాయిలు రానందున ఆరోగ్యశ్రీ సేవలు నిలిపివేయబడినవి." 15 కాపీలు కావాలన్నడు. టోనర్ అయిపొయ్యే టైం, అయినా మిషన్ మల్ల ఆన్ చేసి కొట్టిచ్చిన. రెండు రూపాయల లెక్కన 30. "పొద్దుగాల ఇస్తరన్నా, బకాయి రాసుకో" అని ఉరికిండు. పొద్దున పోయి చూస్తే గేటుకి, లిఫ్ట్‌కి, మెడికల్ షాపుకి అంటించిన్రు, దెబ్బలకేసే తెల్ల ప్లాస్టర్ తోటి.

కొన్ని రోజులకి సర్కారు కొంత ఇచ్చింది, మిగిలింది నెలనెలా ఇస్తం అన్నది, సమ్మె అయిపోయింది, కాగితాలు పీకేసిన్రు, ప్లాస్టర్ మరకలు ఇంకా గోడకే ఉన్నయ్. నా 30 మాత్రం రాలే. చిన్న మొత్తమే, కానీ సిద్ధాంతం సిద్ధాంతమే అని మొన్న సోమవారం పోయి కౌంటర్ ముందల నిలబడ్డ.

"కార్డా, ఇన్సూరెన్సా, క్యాషా?" అన్నది ఆ అమ్మాయి, తల ఎత్తలే.

"జిరాక్స్ అమ్మా" అన్న.

"దేనికైనా ముందు ఓపీ రాపించుకోవాలె. 300."