ఆ ఇంట్లో లేని కొడుకు

అమ్మానాన్న, ఇద్దరు పిల్లలు, వాయిదాల మీద కొన్న సొంతిల్లు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా ‘మామూలు కుటుంబం’ అంటే ఇదేనని స్థిరపరచుకుంది. టీవీ ధారావాహికలు ఈ బొమ్మకు రంగులద్దుతుంటే, నాటకకర్తలు అందులోంచి కొడుకును తీసేసి చూశారు.

ఎడ్వర్డ్ ఆల్బీ ‘హూ ఈజ్ అఫ్రైడ్ ఆఫ్ వర్జీనియా వుల్ఫ్?’ (1962)లో ఆ కొడుకు అసలు పుట్టనే లేదు. పిల్లల్లేని దంపతులు జార్జ్, మార్తా ఊహించుకుని పెంచుకున్న బిడ్డ. బయటివాళ్ల దగ్గర వాడి ఊసెత్తకూడదన్నది వాళ్ల షరతు. అతిథి దగ్గర మార్తా నోరుజారుతుంది. తెల్లారితే వాడికి ఇరవయ్యొకటో పుట్టినరోజనగా, చనిపోయాడని టెలిగ్రాం వచ్చిందంటాడు జార్జ్. 1963లో జ్యూరీ ఈ నాటకాన్ని అమెరికా ప్రతిష్ఠాత్మక పురస్కారం పులిట్జర్‌కు సిఫారసు చేస్తే బోర్డు ఒప్పుకోలేదు. ఆ ఏడాది నాటక విభాగంలో బహుమతే లేదు. పైకి బూతుల గురించే గొడవ జరిగింది కానీ, సంతానం లేకపోతే సంసారం లేదన్న నమ్మకాన్ని ఆటబొమ్మను చేయడమే ఎక్కువ గుచ్చుకుని ఉంటుంది.

శామ్ షెపర్డ్ ‘బరీడ్ చైల్డ్’ (1978)లో బిడ్డ ఇంటి వెనకే పూడ్చిపెట్టి ఉన్నాడు. అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రంలో పాడుబడిన వ్యవసాయ కుటుంబం అది. 1935 తర్వాత పంటే వేయని పెరట్లోంచి పెద్దకొడుకు టిల్డెన్ చేతుల నిండా మొక్కజొన్న కంకులు తెస్తాడు. ఒలిచి, నిద్రపోతున్న తండ్రి మీద ఆ పొట్టు కప్పుతాడు. ఇక్కడ మాటలకన్నా రంగస్థలం మీది వస్తువులదే (ప్రాపర్టీ) పెద్ద పాత్ర. నాలుగు ప్లాస్టిక్ కంకులతో సరిపెడితే దృశ్యం తేలిపోతుంది. ఒలుస్తున్న చప్పుడు వినిపించాలి, పొట్టు గుట్టపడాలి. నేల రహస్యాన్ని బయటికి కక్కుతోందని అప్పుడే ప్రేక్షకుడికి తడుతుంది.

ఈ వరుసలో ఇమడని నాటకం ఒకటుంది. లోరెయిన్ హాన్స్‌బెర్రీ ‘ఎ రెయిజిన్ ఇన్ ద సన్’ (1959)లో నల్లజాతి కుటుంబం 3,500 డాలర్లు బయానా కట్టి ఇల్లు కొంటే, రావద్దని, ఎదురు డబ్బిస్తామని తెల్లవాళ్ల పేట మనిషిని పంపుతుంది. ‘మామూలు కుటుంబం’ అనే చట్రాన్ని పగలగొట్టాలంటే ముందు లోపలికి అడుగుపెట్టనివ్వాలి కదా.

టామ్ కిట్, బ్రయాన్ యార్కీల మ్యూజికల్ (పాటల నాటకం) ‘నెక్స్ట్ టు నార్మల్’ (న్యూయార్క్ నాటకశాలల కేంద్రం బ్రాడ్‌వే, 2009)లో కొడుకు మన కళ్లెదుటే తిరుగుతాడు. తల్లి డయానా పుట్టినరోజు కేకు తెచ్చాక గానీ, వాడు పసితనంలోనే పోయాడని, మనం చూస్తున్నది ఆమె భ్రమేనని తెలియదు. ఈ గుట్టు నిలవడమంతా దర్శకుడి పనితనమే. తండ్రి, చెల్లెలు వాడికి జవాబివ్వకూడదు, ఆ సంగతి మనం గమనించనూ కూడదు. వాడికి తెల్లబట్టలు తొడిగి, నీలం లైటు వేస్తే మొదటి పాటకే అందరికీ అర్థమైపోతుంది. మామూలు కుర్రాడిలా మెట్లు దూకుతూ దిగాలి.

జ్యూరీ తుది జాబితాలో లేకపోయినా 2010లో బోర్డు దీనికే పులిట్జర్ ఇచ్చింది. డయానా ఇల్లు విడిచి వెళ్లిపోతుంది. అప్పటిదాకా కొడుకు లేడని వాదించిన భర్త డాన్ మొదటిసారి వాడిని పేరు పెట్టి పిలుస్తాడు. పిచ్చి ఒక్క డయానాదే అనుకున్న లెక్క అక్కడ తిరగబడుతుంది. ఆ తర్వాత ‘వెలుగు వస్తుంది’ అంటూ అందరూ కలిసి పాడే పాట ఆ దెబ్బను మెత్తబరుస్తుంది. షెపర్డ్ అంత ఊరట ఇవ్వలేదు: చివర్లో టిల్డెన్ బురదపట్టిన శిశువు అవశేషాలను ఎత్తుకుని తల్లి గదికి మెట్లెక్కుతాడు.