దిగిపోయిన బ్యాటరీని బీఎంఎస్ దాటించి లేపకండి

పూర్తిగా దిగిపోయిన ఈ-బైక్ బ్యాటరీకి బీఎంఎస్‌ను (సెల్స్‌ను కాపాడే సర్క్యూట్‌ను) దాటించి నేరుగా ఛార్జింగ్ ఇస్తే లేస్తుందని వ్యాసంలో రాశారు. లేవొచ్చు, కానీ దయచేసి ఆ వాక్యం తీసేయండి. సెల్ వోల్టేజీ 2 వోల్టుల కన్నా బాగా కిందికి పడి అలాగే ఉండిపోతే నెగెటివ్ వైపు రాగి రేకు ఎలక్ట్రోలైట్‌లో (సెల్ లోపలి ద్రవంలో) కరుగుతుంది. మళ్లీ ఛార్జ్ చేస్తే ఆ రాగి ఎక్కడపడితే అక్కడ పేరుకుని సెల్ లోపలే షార్ట్ అవుతుంది. ఆ రోజు బాగానే ఉన్నట్టు కనిపించిన ప్యాక్ తర్వాతెప్పుడో ఇంట్లో అంటుకోవచ్చు.

మొత్తం వోల్టేజీ చూసి నిర్ణయించొద్దు. 48 వోల్టుల ప్యాక్‌లో సాధారణంగా 13 సెల్ గ్రూపులు వరుసగా ఉంటాయి, నిండితే 54.6. మీటరు 39 చూపిస్తే అన్నీ 3.0 దగ్గర ఉండొచ్చు. లేదా పన్నెండు 3.2 దగ్గర, ఒక్కటి 0.6 దగ్గర ఉండొచ్చు. అందుకే బ్యాలెన్స్ వైర్ల (ఒక్కో గ్రూపు నుంచి బీఎంఎస్‌కి వెళ్లే సన్న వైర్ల) దగ్గర ఒక్కో గ్రూపూ కొలవాలి. 2 కన్నా తక్కువున్న గ్రూపు మార్చాల్సిందే. అన్నీ 2.5 పైనే ఉంటే, 10 ఏహెచ్ (ఆంపియర్-అవర్) ప్యాక్‌కి అర ఆంపియర్‌తో ఒక్కో గ్రూపు 3 వోల్టులకు వచ్చేదాకా ఎక్కించి, ఆ తర్వాతే మామూలు ఛార్జింగ్. చేయి పెడితే వేడి తెలిసినా ఆపేయాలి. నిండాక వారం పక్కనపెట్టి మళ్లీ కొలవండి, మిగతావాటికన్నా ఎక్కువ దిగిన గ్రూపు చెడినట్టే.

ఇది బెంచ్ సప్లై (వోల్టేజీ, కరెంటు మనమే సెట్ చేసే పరికరం) ఉన్న మెకానిక్ పని. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్‌కి ఈ అంకెలు వర్తించవు.

అసలు చాలా ప్యాకులు పాడయ్యేది బండి నడుపుతుంటే కాదు, సున్నాకి వచ్చాక నెలల తరబడి వదిలేస్తే. బీఎంఎస్ కూడా కొద్దికొద్దిగా కరెంటు తాగుతుంది. సగం ఛార్జితో, ఎండ తగలని చోట పెట్టండి, నెలకోసారి చూడండి.