ఎనిమిది శాతం లాభం గారికి బహిరంగ లేఖ

విజయనగరం.

మహారాజశ్రీ ఎనిమిది శాతం లాభం గారికి,

వైరింగ్ కాంట్రాక్టరు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకుని ఆగాను. మీరు క్షేమంగా ఉన్నారని నాకు తెలుసు. లెక్కల పుస్తకాలు రాయని నాలాంటి చిన్న వ్యాపారికి ఆదాయపు పన్ను చట్టం లెక్కగట్టే లాభం మీరే కదా, ఏటా మా ఆడిటరు గారి కంప్యూటర్లో మిమ్మల్ని చూస్తున్నాను, ఏడాదికేడాది ఒళ్లు చేస్తున్నారు. ఇక్కడి సంగతులే మీకు తెలిసినట్టు లేదు.

మీరు మా ఇంట్లో ఉంటున్నట్టు ఆదాయపు పన్ను శాఖ దగ్గర రికార్డు ఉంది. అబద్ధమనడానికి వీల్లేదు, ఓటీపీ కొట్టింది నేనే. పోయిన ఏడు నా టర్నోవరు 24 లక్షలు. అందులో బ్యాంకు ద్వారా వచ్చింది 18 లక్షలు, చేతికి నోట్లుగా వచ్చింది 6 లక్షలు. బ్యాంకులో పడ్డదాని మీద 6 శాతం, నోట్ల మీద 8 శాతం, వెరసి లాభం 1,56,000 అని ఆడిటరు గారు నిమిషంలో తేల్చేశారు. ఆ ప్రింటు మడిచి జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాను. బట్టలు నానబెట్టే ముందు జేబులు తడమడం మా ఆవిడకి అలవాటు. కాగితం విప్పి చదివింది. బీరువా తలుపు కిర్రుమంది. కాసేపటికి వంటింట్లో పోపుల డబ్బా మూత చప్పుడైంది. అందులో ఆవాల గిన్నె కింద గ్యాసు బండ కోసం దాచిన నోట్లు ఉంటాయి, అంతే. వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"లక్షా యాభై ఆరు వేలు ఎక్కడ దాచారండీ?"

నేను దాచలేదని, అది చట్టం అనుకున్న లాభమని చెప్పాను.

"అనుకుంటే అయిపోతుందా? నేనూ అనుకుంటాను, మెళ్లో నాలుగు పేటల గొలుసుందని."

దీనికి నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరేమైనా ఉందేమోనని ఈ ఉత్తరం.

మీ పుట్టుపూర్వోత్తరాలు ఆడిటరు గారే చెప్పారు. 1994లో మీరు పుట్టింది కాంట్రాక్టర్ల ఇంట్లోనేనట. ఏడాదికి 40 లక్షలు దాటని సివిల్ కాంట్రాక్టరు లెక్కల పుస్తకాలు రాయక్కర్లేదు, వచ్చిన సొమ్ములో నూటికి 8 లాభమని ఒప్పేసుకుంటే చాలన్నారు. మంచి మాటే. సిమెంటు బస్తా మీద కూర్చుని శనివారం సాయంత్రం కూలీలకు డబ్బులు పంచే మేస్త్రీ ఓచర్లేం రాస్తాడు! 2010-11 నుంచి మిమ్మల్ని కిరాణా కొట్టుకీ, వెల్డింగు షాపుకీ, టెంటు హౌసుకీ కూడా అప్పగించారు. నేనూ అప్పుడే మీ చేతికి చిక్కాను. పెద్ద నోట్ల రద్దు తర్వాత, డబ్బు చెక్కులోనో ఫోన్‌పేలోనో వస్తే మీరు 6కి దిగుతామన్నారు. ఆదాయపు పన్ను చట్టంలో 44ఏడీ అన్న సెక్షను మీ చిరునామాగా ఉండేది. 1961 నాటి చట్టం పోయి 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్తది రావడంతో ఆ చిరునామా కూడా మారింది. మీరు ఇల్లు మారారు గానీ మా ఇంటికి మాత్రం రాలేదు.

మీ అన్నగారు యాభై శాతం గారి గురించీ విన్నాను. మా మేనల్లుడు ఇంజినీరింగ్ చదివి సొంతంగా ఇళ్ల ప్లాన్లు గీస్తాడు. అది వ్యాపారం కాదట, వృత్తి. కాబట్టి వాడు సంపాదించే ప్రతి రూపాయిలో సగం లాభమేనని మీ అన్నగారి నమ్మకం. వాడి కంప్యూటరు మీద కంతులు, ప్లాటరు ఇంకు, ఆఫీసు గది అద్దె, ఇవన్నీ ఆ రెండో సగంలో సర్దుకోవాలి. వాడితో పోల్చుకుంటే నాకే నయం. ఇంటికొకరు చొప్పున పంచుకున్నాం మిమ్మల్ని.

ఇక అసలు విషయానికొస్తాను. నెల్లిమర్ల రోడ్డులో ఒక ఫంక్షన్ హాలు పై అంతస్తు వైరింగు చేశాను. బిల్డరు పేరు రాయను, ఇంకా డబ్బు రావాలి. పని 2,50,000కి ఒప్పుకున్నాం, జీఎస్టీ అదనం. వైర్లు, పైపులు, మెటల్ బాక్సులు, స్విచ్చులు, కరెంటు పంచే డీబీ పెట్టెలు కలిపి సామానుకి 1,50,000. ఇద్దరు వైర్‌మన్లు రోజుకి 800 చొప్పున, హెల్పరు 500, మొత్తం 36 రోజులు: 75,600. టీలు, టిఫిన్లు, ఆటోలో పైపుల రవాణా, నా బండికి పెట్రోలు 9,000. మిగిలింది 15,400.

మీ లెక్క ప్రకారం బ్యాంకులో పడే బిల్లు కాబట్టి 6 శాతం, అంటే 15,000. చూశారా, మీరు చెప్పినదానికంటే నాకు 400 ఎక్కువే వచ్చింది! మీరు అబద్ధమాడారని నేను అనను. కాగితం మీద మీరెప్పుడూ నిజాయితీపరులే.

అయితే బిల్డరు ఒక పద్ధతి పెట్టుకున్నాడు. పని గట్టిగా ఉందో లేదో చూడ్డానికి ఏడాదిపాటు 5 శాతం పట్టి ఉంచుతాడు. 12,500 అక్కడే ఆగిపోయింది. నా దగ్గర మిగిలింది 2,900. గోడలో గాడి కొడుతుంటే కటింగ్ మిషను కాలిపోయింది, బాగుచేయించడానికి 4,200. ఇప్పుడు నా చేతి నుంచి 1,300 పోయింది. ఇది మిగిలిందా పోయిందా అంటే, పోయిందనే ఎవరైనా అంటారు, ఒక్క మీరు తప్ప. ఇంకో విశేషం. ఆ ఆగిన 12,500 రిటర్ను గడువులోగా బ్యాంకులో పడలేదు కాబట్టి దానికి 6 శాతం రాయితీ వర్తించదట. దాని మీద మీరు పూర్తిగా ఎనిమిదే. వచ్చిన డబ్బులో ఆరు, రాని డబ్బులో ఎనిమిది! ఈ లెక్క మా హెల్పరు కుర్రాడికి చెబితే, "ఏటి మేస్త్రీ, అలాగైతే ఏ డబ్బూ రాకపోతేనే మనకి లాభం ఎక్కువన్నమాట" అన్నాడు. వాడు పదో తరగతి తప్పాడు. పన్నుల శాఖలో చేరితే పైకొస్తాడని నా అనుమానం.

ఇది చదువుతూ జీఎస్టీ సంగతేమిటని అడుగుతారు. ఆవిడ మీ చుట్టమో కాదో నాకు తెలీదు గానీ, ఇద్దరిదీ ఒకటే గుణం. సెప్టెంబరులో బిల్లు రాశాను. బిల్డరేమో పైడితల్లి పండగ అయ్యాక చూద్దామన్నాడు. ఇక్కడ దసరా దాటిన మంగళవారం సిరిమాను, అంటే అమ్మవారి పూజారి కూర్చునే పొడవాటి మాను, తిరిగేదాకా ఎవరూ ఎవరికీ బాకీ తీర్చరు, తిరిగాక అందరూ ఖర్చయిపోయిందంటారు. కానీ జీఎస్టీకి సిరిమాను లేదు, అమావాస్య లేదు. డబ్బు వచ్చిందా అని అడగదు, బిల్లు రాశావా అని అడుగుతుంది. 2,50,000 మీద 45,000. సామాను కొన్నప్పుడు షాపులో కట్టిన 27,000 పోగా అక్టోబరు 20లోగా 18,000 కట్టాలి. షాపువాడు తన బిల్లు జీఎస్టీ పోర్టల్లో ఎక్కించడం మర్చిపోయి ఉంటే ఆ 27,000 కూడా నా నెత్తినే పడేది. మర్చిపోలేదు, అమ్మవారి దయ.

సిరిమాను రోజు పొద్దున్నే వైర్‌మన్లిద్దరూ ఇంటికొచ్చారు. "మాను దాటిపోయాక డబ్బులిస్తే మాకు పండగేటి మేస్త్రీ" అన్నారు. న్యాయమే. చేతిలో ఉన్నది వాళ్లకిచ్చేశాను. జీఎస్టీ 18,000 కోసం మా ఆవిడ ఒంటిపేట గొలుసు బ్యాంకులో పెట్టాను. నాలుగు పేటల గొలుసు సంగతి ఆవిడ మళ్లీ ఎత్తలేదు. ఎత్తి ఉంటేనే బాగుండేది.

టీడీఎస్ అని మీకొక బంట్రోతు ఉన్నాడు కదా, డబ్బిచ్చేవాడి చేతే ముందుగా పన్ను కోయించేవాడు, ఒక శాతం. మీరు రాకపోయినా అతను ముందే వచ్చేస్తాడు. బిల్లులోంచి 2,500 పట్టుకుని, నా పేర పన్ను జమ అని చెప్పి వెళ్లాడు. ఏడాదికి ఇలా 18 లక్షల మీద 18,000. తమాషా ఏమిటంటే 1,56,000 లాభం మీద నేను కట్టాల్సిన పన్ను సున్నా. పన్నే లేని మనిషి దగ్గర పన్ను కోసి, రిటర్ను వేస్తే తిరిగిస్తామంటారు. ముందుగానే అర్జీ పెట్టుకుంటే కోత తగ్గిస్తూ సర్టిఫికెట్టు ఇస్తారని ఆడిటరు గారన్నారు. ఆ అర్జీకి కావాల్సిన కాగితాలు పోగేసే ఓపికే ఉంటే నేను వైరింగు చేసేవాణ్ణి కాదు, ఆడిటర్నే అయ్యేవాణ్ణి.

ఈ ఫంక్షన్ హాలు 2,500 మాత్రం రీఫండులో రాలేదు. నా పేర జమైన పన్నుల చిట్టా 26ఏఎస్ తీసి చూస్తే అసలు ఆ ఎంట్రీయే లేదు. బిల్డరు గుమాస్తా నా పాన్‌లో 6, 9 అటూ ఇటూ కొట్టాడు. ఈ దేశంలో ఎక్కడో ఎవరో ఒక పెద్దమనిషి తన ఖాతా తెరిచి, నెల్లిమర్ల రోడ్డులో తాను వైరింగు చేసినట్టు తెలుసుకుని ఉంటాడు. ఆయనకు నా అభినందనలు. పని నాణ్యతలో లోపముంటే ఇకమీదట ఆయన్నే అడగండి. సవరణ వేయమని గుమాస్తాని నాలుగుసార్లు అడిగాను. నాలుగోసారికి "రేపు రండి" అనడం మానేసి "ఫోన్ చేసి రండి" అన్నాడు. అదొక ప్రగతి.

వడ్డీల మాట కూడా చెప్పుకోవాలి, ఇది మా భాషలోనే చెప్పుకుందాం. ఆదాయపు పన్ను నేను ఆలస్యం చేస్తే నెలకు నూటికి రూపాయి వడ్డీ. నా డబ్బు వాళ్లు తిరిగివ్వడం ఆలస్యమైతే అర్ధ రూపాయి. జీఎస్టీ ఆలస్యమైతే రూపాయిన్నర. ఊళ్లో చేబదులు తెచ్చుకుంటే రెండు రూపాయలు, మూడు రూపాయలు. అర్ధ రూపాయి వడ్డీకి అప్పిచ్చే ఏకైక వెర్రివాణ్ణి నేనే, అదీ ప్రభుత్వానికి.

మా బావమరిది స్కూలు టీచరు. జీతం మీద స్టాండర్డ్ డిడక్షన్ అని 75,000 ఏ బిల్లూ చూపించకుండా కొట్టేస్తారు. తెల్ల చొక్కాకి ఖర్చు ఉంటుందని ప్రభుత్వం ఒప్పుకుంది. కాలిన కటింగ్ మిషనుకి ఖర్చుందని ఒప్పుకోలేదు, అది మీరు పోగా ఖర్చులకని వదిలిన తొంభై రెండులోనో తొంభై నాలుగులోనో కలిసే ఉందట. సరే, బావమరిదితో తగువెందుకు.

మీతో ఒక్కసారైనా పని జరుగుతుందేమోనని బ్యాంకుకి వెళ్లాను. సామాను మోయడానికి చిన్న ట్రాలీ ఆటో కొందామని. మేనేజరు మూడేళ్ల రిటర్నులు తిరగేశాడు. "టర్నోవరు బాగుందండీ, లాభమే మరీ తక్కువ" అన్నాడు. అంటే మా ఇంట్లో మీరు ఎక్కువయ్యారని మా ఆవిడ, తక్కువయ్యారని బ్యాంకు. లోనుకి రిటర్ను కావాలి, రిటర్ను వేస్తే పథకాలు పోతాయేమోనని మా వీధిలో సగం మందికి భయం. నా తమ్ముడు తాపీ పని చేస్తాడు, అందుకే వాడు ఇవాళ్టికీ పాన్ కార్డు తీసుకోలేదు. కంపెనీ పని దొరికితే పాన్ లేనందుకు టీడీఎస్ 20 శాతం కోస్తారని చెప్పాను. "కంపెనీ పని దొరికినప్పుడు కదా" అన్నాడు.

ఒక్క ఏడు మాత్రం నేనే మీకు అన్యాయం చేశాను, దాచుకోను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు. స్తంభాలు ఒరిగిపోయి, మీటర్లు తడిసి, ఇంటింటికీ వైరింగు పోయింది. ఆర్నెల్లపాటు తిండికి తీరిక లేదు. అడిగిన రేటు ఇచ్చారు జనం, చీకట్లో ఎవరు బేరమాడతారు. ఆ ఏడు మిమ్మల్ని పదహారు అని పిలవాల్సింది. ఎనిమిది అనే రాశాం. చట్టం కూడా ఎనిమిదో, అంతకన్నా ఎక్కువని నువ్వే ఒప్పుకుంటే అదో అంటుంది. నేను ఒప్పుకోలేదు, నన్నెవరూ అడగలేదు. ఆ డబ్బుతోనే ఇంటికి పై శ్లాబు వేశాను. ఇప్పుడు నష్టమొచ్చిన ఏడు మిమ్మల్ని గెంటేద్దామంటే, ఒకసారి వదులుకుంటే మళ్లీ అయిదేళ్లదాకా గుమ్మం తొక్కరట. ఆ శ్లాబు మొహం చూసి ఊరుకుంటున్నాను.

ఇంకా రాద్దామనుకున్నాను గానీ బిల్డరు ఫోను. ఫంక్షన్ హాల్లో రేపు పెళ్లి. పెళ్లికూతురి గదిలో స్విచ్చి వేస్తే పక్కన స్టోర్ రూములో లైటు వెలుగుతోందట, పెళ్లికూతురి గది చీకటిగానే ఉందట. టెస్టరు తీసుకుని బయల్దేరుతున్నాను. పెళ్లివాళ్ల ముందు 12,500 సంగతి ఎత్తితే కాదనలేడు. మా ఆవిడ పోపుల డబ్బా మూత తీసిపెట్టింది.

ఇట్లు,
మీ ఇంటి యజమానినని చెప్పబడుతున్న
వైరింగ్ కాంట్రాక్టరు