పుండొకచోట, మందొకచోట

ఒళ్లు వెచ్చబడితే చాలు, జింకు బిళ్ల. గుంటూరు కొత్తపేటలోనైనా, విజయవాడ సూర్యారావుపేటలోనైనా జ్వరంతో వెళ్లిన మనిషికి మందుల దుకాణంలో కత్తిరించి ఇచ్చే కవరు ఒకేలా ఉంటోంది: జ్వరం బిళ్లలు, ఒక యాంటీబయోటిక్, వాటి పక్కన సి విటమిన్ కలిపిన జింకు. వైరస్ మీద బాగా పనిచేస్తుందమ్మా అన్న మాట కూడా తోడవుతోంది. కూలి డబ్బుతో కొనేవారు ఆ మాటను నమ్మే కొంటున్నారు. ఆ మాటకు రుజువు లేదు.

కొవిడ్ రోజుల్లో జింకు మందుల చీటీల్లోకి ఎలా ఎక్కిందో పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఊపిరి అందక మనుషులు పోతున్నప్పుడు దొరికినదల్లా వాడి చూడటాన్ని మేము తప్పుపట్టం. ఆశకు ఆధారమూ కొంత ఉంది. కొవిడ్ వైరస్‌కు దగ్గరి చుట్టమైన సార్స్ కరోనా వైరస్ తన జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏకు నకళ్లు తీసుకునే ఎంజైమును జింకు అడ్డుకుంటుందని 2010లో ప్రయోగశాలలో తేలింది. అయితే జింకును కణంలోకి చేర్చడానికి అక్కడ పైరిథియోన్ అనే మరో రసాయనం తోడు కావలసి వచ్చింది. మన బిళ్లలో అది లేదు. 2021లో అమెరికాలో 214 మంది కొవిడ్ బాధితుల మీద జరిపిన పరీక్షలో కొందరికి రోజూ 50 మిల్లీగ్రాముల జింకు గ్లూకోనేట్ ఇచ్చారు. చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇక వచ్చేలా లేదని పరీక్షను మధ్యలోనే ఆపేశారు. అక్కడ ఆపేసినది ఇక్కడ ఇప్పటికీ నడుస్తోంది.

జింకు వాడితే జలుబు రెండు రోజులు ముందే తగ్గవచ్చని కొందరు వైద్యులు అంటారు. ఆ ఆధారాలు బలహీనమైనవని 2024లో కాక్రేన్ సమీక్ష, అంటే వైద్య పరీక్షల ఫలితాలన్నిటినీ కలిపి తూచే అంతర్జాతీయ సంస్థ నివేదిక, చెప్పింది. జలుబు కోసం ఇంత హడావుడి అవసరమా?

మా కోపం వేరు. ఇదే జింకు పసిపిల్లలకు నిజంగా అక్కరకొచ్చే చోటు ఒకటుంది. అవి విరేచనాలు. రోటావైరస్ వల్ల వచ్చినవైనా సరే, ఓఆర్‌ఎస్‌తో పాటు జింకు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2004లోనే చెప్పాయి. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకన్నా చిన్నబిడ్డకు 10, పది నుంచి పద్నాలుగు రోజులు. చెంచాడు తల్లిపాలలోనో, కాచి చల్లార్చిన నీళ్లలోనో వేస్తే బిళ్ల ఇట్టే కరిగిపోతుంది. విరేచనాల తీవ్రత తగ్గుతుంది, త్వరగా కట్టుకుంటాయి. ఖరీదు అతి తక్కువ. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, దేశంలో విరేచనాలు పట్టుకున్న పిల్లల్లో జింకు అందింది ముప్పై శాతానికి అటూ ఇటూగా మాత్రమే. మిగతా పిల్లల తల్లులకు ఆ మాట చెప్పిన వారు ఎవరు? అందిన ఇళ్లలోనూ మూడో రోజున విరేచనాలు కట్టుకోగానే బిళ్లలు గూట్లోకి చేరతాయి. పద్నాలుగు రోజులు ఎందుకు వేయాలో విడమరచి చెప్పడానికి తీరిక ఉండదు.

రుజువు ఉన్నచోట జింకు లేదు, రుజువు లేనిచోట కుప్పలుగా ఉంది. పండే చేను ఎండగట్టి బీడుకు నీరు పెట్టడమంటే ఇదే. కలుషిత నీటితో 2018లో పాత గుంటూరులో అతిసారం ఎలా చెలరేగిందో, 2024లో బుడమేరు వరద విజయవాడలో ఎన్ని ఇళ్లను ముంచిందో మరచిపోయే వయసు ఈ నగరాలకు ఇంకా రాలేదు. నీరు చెడిన ప్రతిసారీ ముందుగా వాడిపోయేది చంటిబిడ్డే.

పెద్దలకు జింకు వల్ల నష్టం లేదు కదా అనే మాటా చెల్లదు. మగవారికి రోజుకు 17, ఆడవారికి 13.2 మిల్లీగ్రాములు చాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ నిర్ధారించింది. గరిష్ఠ పరిమితి 40. దానిని మించి నెలల తరబడి మింగితే ఒంట్లో రాగి తగ్గి రక్తహీనత, నరాల జబ్బు రావచ్చు. కొన్ని యాంటీబయోటిక్‌లతో కలిపి వేసుకుంటే ఆ మందు కూడా ఒంటికి పట్టదు. ఆహార అనుబంధంగా అమ్మే డబ్బా మీద ఔషధ వినియోగానికి కాదని ముద్రించాలన్నది నిబంధన. ఆ అక్షరాలున్న డబ్బాను వైరస్‌కు మందని చెప్పి అమ్ముతుంటే తనిఖీ అధికారి కళ్లు ఎటు చూస్తున్నాయి?

జ్వరం చీటీలో అలవాటుగా జింకు రాసే వైద్యులు ఆ పంక్తిని కొట్టేయాలి. అతిసారం కేసుల్లో ఓఆర్‌ఎస్ పక్కన దానిని మరవకుండా రాయాలి. ప్రతి అంగన్‌వాడీలో, ప్రతి ఆశా కార్యకర్త సంచిలో పిల్లల జింకు బిళ్లలు ఉన్నాయో లేవో జిల్లా వైద్యాధికారులు ఈ వారమే లెక్క తీసి ప్రకటించాలి. తల్లులు మరో బిడ్డను సెలైన్ సీసా కింద పడుకోబెట్టాక సమీక్షలు జరుపుతామంటే కుదరదు.