డ్రెయిన్‌కు దీపం పెట్టు విధానం

భీమవరం మీదుగా పోయే యనమదుర్రు డ్రెయిన్‌లో రొయ్యల చెరువుల నుంచి వచ్చి మిగిలే యాంటీబయాటిక్కులను అల్ట్రావయొలెట్ దీపంతో వదిలిద్దామనే ఆలోచనను స్వాగతించాల్సిందే. దీపానికి రిబ్బను కట్టొచ్చు, మీట నొక్కొచ్చు, ఫొటో నీలంగా వస్తుంది. మడ్డి తోడే పనికి ఆ యోగం లేదు.

కాబట్టి మడ్డి తోడకండి. ఇసుక ఫిల్టరు జోలికి అసలే పోకండి. ఆ దీపం ఇచ్చే 254 నానోమీటర్ల కాంతి సెంటీమీటరు దాటేసరికి 30 శాతమే మిగిలేంత మడ్డి నీళ్లనుకుందాం. రెండో సెంటీమీటరుకు 9 శాతం, మూడోదానికి 2.7. దీపాన్ని రాసుకుంటూ పోయిన నీటికి మోక్షం, మిగతా డ్రెయినంతటికీ దూరదర్శనం.

కాంతి మోతాదులోనూ పొదుపు చేయండి. సూక్ష్మజీవులను అణచడానికి చదరపు సెంటీమీటరుకు 40 మిల్లీజౌళ్లు సరిపోతాయి. మందు అణువు విరగాలంటే వందల్లో కావాలి. సూక్ష్మజీవుల రిపోర్టు ఒకటి అంటిస్తే మందు లెక్క అడిగేవాడుండడు.

కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ బిళ్లలో సల్ఫామెథాక్సజోల్, ట్రైమెథోప్రిమ్ కాపురం చేస్తుంటాయి. ఆయన ఈ కాంతికి తేలిగ్గానే విరుగుతాడు, ఆవిడ ఓ పట్టాన చలించదు. ఆవిడ కోసం హైడ్రోజన్ పెరాక్సైడ్ కలపాలి: లీటరుకు 10 మిల్లీగ్రాములు, అంటే పది లక్షల లీటర్లకు 50 శాతం సరుకు 20 కిలోలు. కాంతి తగిలితే అది హైడ్రాక్సిల్ రాడికళ్లుగా చీలి దొరికిందల్లా కొరుకుతుంది. దొరికేదేమో మైక్రోగ్రాముల్లో ఉండే మందు కాదండి. కుళ్లిన మేత, బైకార్బొనేటు. రొయ్యకు డొల్ల గట్టిపడాలని చెరువుల్లో ఆ బైకార్బొనేటును, అంటే ఆల్కలినిటీని, పెంచేది మనమే. మిగిలిపోయిన పెరాక్సైడ్‌ను యాక్టివేటెడ్ కార్బన్ మీదుగా పంపి తీయాలి. టెండరులో ఆ పేజీ చింపేస్తే కొటేషన్ ముచ్చటగా ఉంటుంది. విరిగిన ముక్కల్లో కొన్నిటికి మందు గుణం ఇంకా ఉండొచ్చన్న పేజీ కూడా.

దీపానికి క్వార్ట్జ్ గొట్టమే తొడగాలి. మామూలు గాజు ఈ కాంతిని ఆపేస్తుంది, చవక కూడా, కనుక ఎవరో ఒకరు అదే బిగిస్తారు. క్వార్ట్జ్ మీద సున్నం, ఇనుము పొర కడితే సిట్రిక్ యాసిడ్‌తో తుడవాలి. దీపం ఆయుష్షు సుమారు 12,000 గంటలు, ఆపకుండా వెలిగితే 500 రోజులు. ఆ తర్వాత అసలు కాంతి తగ్గినా నీలంగానే కనిపిస్తుంది గనక మార్చమని ఎవరూ అడగరు.

చెరువులో మందు పోయొద్దనడం మాత్రం మొరటు. నిషేధించిన క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ ఆనవాలు దొరికితే విదేశీ రేవులు రొయ్యల కంటైనరును తిప్పి పంపుతాయి. డ్రెయిన్ దేన్నీ తిప్పి పంపదు.

నమూనా ఆగస్టు వానల్లో తీయించండి, నీళ్లు పలచబడి ఉంటాయి. కాలువలు కట్టేసిన వేసవిలో సీసా పట్టుకుని గట్టు మీదికి ఎవరినీ రానివ్వొద్దు.