పక్క కారు స్ప్రింగు మన కారుకు ఎప్పుడు పనికొస్తుంది?

చీమకుర్తి నుంచి ఒంగోలు వచ్చే దారిలోనూ, నెల్లూరు నుంచి ముత్తుకూరు మీదుగా కృష్ణపట్నం పోర్టుకు వెళ్లే దారిలోనూ రోజూ కారు నడిపేవారికి మంచి సస్పెన్షన్, అంటే కుదుపులను మింగే స్ప్రింగులూ షాకబ్జర్లూ ఉన్న అమరిక, నిత్యావసరం. గ్రానైట్ రాళ్లు, పోర్టు సరుకు మోసే లారీల కింద నలిగిన తారు, ఊరూరా కొలతా పద్ధతీ లేకుండా పోసిన స్పీడు బ్రేకర్లు, పెళ్లికో తిరుపతికో వెళ్తూ డిక్కీ నిండా ఎక్కించే సామాను, ఇవన్నీ కలిసి కొన్నేళ్లు తిరిగిన చిన్న కారును వెనక కుంగదీస్తాయి, ముందు దడదడలాడిస్తాయి. కొత్త షాకబ్జర్లు (స్ప్రింగు ఊపును ఆపే గొట్టాలు), స్ప్రింగుల ధర విన్నాక చాలామంది ఇంకో మోడల్ కారు భాగాల కోసం వెతుకుతారు. ఆ ప్రయత్నాన్ని మొరటు పని అని కొట్టిపారేయడం అన్యాయం. గుడ్డిగా నమ్మడం ప్రమాదం. షెడ్డులో అందరూ అడిగేది "బోల్టులు సరిపోతాయా" అని. అంతకంటే ముందు అడగవలసింది, ఆ భాగం తన సొంత కారులో ఎంత బరువు మోసేందుకు తయారైంది అని.

ఒక కారు భాగం మరో కారుకు వాడటం కంపెనీలు ఎప్పటినుంచో చేస్తున్నదే. స్విఫ్ట్, డిజైర్, రిట్జ్ ఒకే పునాది మీద వచ్చిన కార్లు. 2007లో రెనో పేరుతో వచ్చిన లోగన్ తర్వాత మహీంద్రా వెరిటో అయింది. 2010లో వచ్చిన ఫోర్డ్ ఫిగోకు పాత ఫియెస్టాతో చుట్టరికం ఉంది. ఫోర్డ్ 2021లో మన దేశంలో కార్ల తయారీ నిలిపివేస్తున్నట్లు ప్రకటించాక, ఆ కార్లున్న వారికి ఇలాంటి చుట్టరికాలు తెలిసి ఉండటం ఒక అవసరంగా మారింది. మన ప్రాంతపు మెకానిక్కులకు ఈ విద్య కొత్తది కూడా కాదు. అంబాసిడర్ వెనక కమాను కట్టలో (ఉక్కు పట్టీలు పేర్చిన స్ప్రింగులో) ఇంకో పట్టీ చేర్చి బరువుకు తట్టుకునేలా చేసిన చేతులే తీగను చుట్లుగా చుట్టిన నేటి కాయిల్ స్ప్రింగులనూ విప్పి బిగిస్తున్నాయి. అయితే పట్టీ చేర్చినంత సులభంగా కాయిల్ లెక్క తేలదు.

కాయిల్ స్ప్రింగు గట్టిదనం దాని తీగ మందం నాలుగో ఘాతాన్ని, అంటే మందాన్ని నాలుగుసార్లు వేసి గుణించిన లెక్కను, అనుసరించి పెరుగుతుంది. చుట్టు వెడల్పు, చుట్ల సంఖ్య మారకుండా 12 మిల్లీమీటర్ల తీగ స్థానంలో 13 మిల్లీమీటర్ల తీగ వస్తే స్ప్రింగు దాదాపు 38 శాతం గట్టిపడుతుంది. చేత్తో పట్టుకుంటే తెలియని ఆ ఒక్క మిల్లీమీటరు నడుముకు మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. పెట్రోలు కారుకు అదే మోడల్ డీజిల్ కారు ముందు స్ప్రింగులు వేసే అలవాటును ఈ లెక్కతో చూడాలి. డీజిల్ ఇంజన్ బరువు ఎక్కువ కనుక ఆ స్ప్రింగు గట్టిది. తేలికైన పెట్రోలు కారు కింద అది పూర్తిగా నొక్కుకోక ముందు భాగాన్ని పైకెత్తుతుంది. నేల తగలడం తగ్గిందని యజమాని సంతోషిస్తాడు. కానీ అంత బలంగా తిరిగి లేచే స్ప్రింగును అదుపు చేయవలసిన షాకబ్జరు పాతదే. 38 శాతం గట్టి స్ప్రింగును మునుపటంత నిలకడగా ఆపాలంటే షాకబ్జరు పట్టు కూడా సుమారు 17 శాతం పెరగాలి. అది పెరగనప్పుడు జాతీయ రహదారి మీద వంతెన అతుకు దాటగానే కారు ఒకటికి రెండుసార్లు ఊగుతుంది. వాన కురిసే వేళ బ్రేకు వేస్తే ఆ ఊపులో టైరు పట్టు తప్పుతుంది. అందువల్ల స్ప్రింగు, షాకబ్జరు ఒకే కారు నుంచి జతగా రావాలి, ఇరుసుకు రెండు వైపులా ఒకేసారి మారాలి. కాయిల్ చుట్ల మధ్య ఇరికించే రబ్బరు బఫర్లు చవకే కానీ, అవి కొన్ని చుట్లను పని చేయనివ్వక మిగిలిన వాటి మీద భారం వేస్తాయి. వాటిని నేను ఎవరికీ సిఫారసు చేయను. కాయిల్‌ను కోయడం, వెల్డింగు పెట్టడం గురించి చర్చే అనవసరం.

అరువు భాగం నిజంగా న్యాయం చేసే సందర్భమూ ఉంది. పెట్రోలు కారుకు బయట సీఎన్‌జీ కిట్టు పెట్టిస్తే, సిలిండరు రూపంలో ఒక మనిషి బరువు డిక్కీలో శాశ్వతంగా కూర్చున్నట్టే. వెనక భాగం కుంగుతుంది, హెడ్‌లైట్లు పైకి లేచి ఎదుటివారి కళ్లలో పడతాయి. అదే మోడల్‌ను కంపెనీయే సీఎన్‌జీతో అమ్ముతుంటే, ఆ బరువుకు తగ్గట్టు మార్చిన వెనక స్ప్రింగులు, షాకబ్జర్లు తెచ్చి వేసుకోవడం తెలివైన పని. అక్కడ బరువుకు బరువు సరిపోతుంది, ఊహాగానానికి చోటుండదు.

పాత భాగం కొనేటప్పుడు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. షాకబ్జరు రాడ్డును నొక్కితే ఆద్యంతం ఒకే పట్టుతో దిగాలి, గ్యాసు రకమైతే దానంతట అది నెమ్మదిగా పైకి రావాలి. మధ్యలో జారినా, సీలు దగ్గర నూనె తడి ఉన్నా, రాడ్డు మెరుపు మీద గీత ఉన్నా వదిలేయాలి. స్ప్రింగు మీది రంగు గీతలు కంపెనీ వేసిన గుర్తులు. రెండింటి మీదా ఒకే రంగులు ఉండాలి. మన తీరంలో మరో జాగ్రత్త అవసరం. ఇందుకూరుపేట, కొత్తపట్నం వైపు రొయ్యల గుంతల మధ్య, ఉప్పుగాలిలో తిరిగిన కార్ల స్ప్రింగులు పైకి బాగానే కనిపించినా, అన్నిటికంటే కింది చుట్టు, మట్టీ తేమా నిలిచే గిన్నెలో ఆనుకునే చోట, పెయింటు లేచి తుప్పు తింటుంది. విరిగేది తరచుగా అక్కడే. కొనే ముందు వేలితో ఆ చుట్టంతా తడిమి చూడాలి.

డబ్బు బొత్తిగా తక్కువైతే స్ప్రింగుల జోలికే పోకుండా బుష్‌లు (కీళ్ల దగ్గరి రబ్బరు దిమ్మలు), స్టెబిలైజర్ లింకులు (కారు పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీని కలిపే చిన్న రాడ్లు), స్ట్రట్ మౌంట్లు (ముందు షాకబ్జరు పైకొసను బాడీకి పట్టించే రబ్బరు దిమ్మలు) కొత్తవి వేయించడం మేలని నా నిశ్చితాభిప్రాయం. సస్పెన్షన్ పోయిందని వచ్చే దడదడ చాలాసార్లు వీటిదే. ఇక్కడ షెడ్లలో సాధారణంగా జరిగే పొరపాటు ఒకటుంది. చక్రాలు గాలిలో వేలాడుతుండగానే, చక్రాన్ని కారు అడుగుకు కలిపే లోయర్ ఆర్మ్ బోల్టులు పూర్తిగా బిగిస్తారు. కారు కిందికి దిగగానే బుష్‌లోని రబ్బరు మెలితిరిగి, నిలబడి ఉన్నప్పుడు కూడా ఆ మెలికలోనే ఉండి, త్వరగా చిరుగుతుంది. కారు బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు ఇవ్వాలి. ఆ తర్వాత చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంట్ తప్పనిసరి. ఈ రెండూ చేయనని చెప్పే షెడ్డులో ఖరీదైన భాగం వేయించినా డబ్బు దండగే.

చట్టం సంగతి తేలికగా తీసుకోరాదు. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని తయారీదారు వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దానినే గట్టిగా సమర్థించింది. అదే ఏడాది సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించే వీలు వచ్చింది. అయితే ఆ సర్టిఫికెట్‌లో స్ప్రింగు గట్టిదనం ఎక్కడా రాసి ఉండదు. అదే మోడల్ సీఎన్‌జీ రకం స్ప్రింగు వేసిన జాగ్రత్తపరుడికీ, కాయిల్ కోసి కారును నేలకు దించిన వాడికీ మధ్య తేడాను రవాణా అధికారి ఏ పట్టిక చూసి చెప్పాలి? ఒకే మోడల్‌లోని వివిధ రకాల మధ్య మార్చుకోదగిన భాగాల జాబితాను కంపెనీలు ప్రకటించాలి, రవాణా శాఖ దానిని గుర్తించాలి, బీమా సంస్థలు దానికి కట్టుబడాలి. వాహనాల తుక్కు కేంద్రాలకు 2021లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. అలాంటి చోట్ల విప్పి అమ్మే ప్రతి స్ప్రింగుకూ షాకబ్జరుకూ అది ఏ మోడల్‌ది, ఏ ఇంజన్ కారుది, ఏ ఏడాదిది అన్న చీటీ కట్టడాన్ని తప్పనిసరి చేయాలి.