కంటికి ఆనని పొడికి కర్చీఫే చాలు

కార్మికుల ఆరోగ్యం విషయంలో ఈ దేశం కనిపెట్టిన మందుల్లో బెల్లాన్ని మించింది లేదు. పొద్దంతా దుమ్ములో పనిచేసి, దిగేటప్పుడు గోలీకాయంత ముక్క చప్పరిస్తే ఊపిరితిత్తులు కడిగిన ముత్యాలే. బెల్లం పోయేది పొట్టలోకి, దుమ్ము పోయేది ఊపిరితిత్తుల్లోకి కదా అని కొందరు సందేహజీవులు అడుగుతారు. వాళ్లకు భక్తి తక్కువ.

మా బామ్మర్ది హిందూపురం నుంచి వచ్చి ఇక్కడ బెంగళూరు పీణ్యలో ఒక కోటింగ్ షాపులో చేరాడు. మొన్న ఆదివారం ఓవర్‌టైమంటే క్యారేజీ ఇచ్చి రావడానికి వెళ్లాను. సంచిలోంచి స్టీలు గరిటెతో నల్లటి పొడి తీసి కాటా మీద తూస్తున్నాడు. నెత్తి మీద సీలింగ్ ఫ్యాను. గరిటె వంచినప్పుడల్లా ఆ పొడి బుద్ధిగా కింద పడకుండా పొగలా పైకి లేస్తోంది. మూతికి కర్చీఫు, మా అత్తగారు కుట్టిచ్చిన గులాబీ పువ్వుతో సహా.

"ఏంది రా ఇది?"

"కార్బన్ నానోట్యూబులు బావా, కంటికి ఆనని కార్బన్ గొట్టాలంట. ఏం కాదంట. గోడ మింద కాగితం ఉండాది చూడు."

చూశాను. లామినేషన్ చేయించిన సేఫ్టీ డేటా షీటు, అంటే సరుకుతో ప్రమాదమేంటో, జాగ్రత్తలేంటో రాసే కాగితం. పదార్థం దగ్గర 'గ్రాఫైట్' అని ఉంది. అంటే పెన్సిల్ ముల్లు. ఒకటో తరగతి పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువుకి భయమేమిటి?

ఇక్కడే యాజమాన్యం తెలివికి దండం పెట్టాలి. అమెరికాలో కృత్రిమ గ్రాఫైటు దుమ్ము, ఊపిరితిత్తుల లోపలికి పోయే సైజుది, ఘనపు మీటరు గాలిలో 5 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చని అక్కడి కార్మిక భద్రతా సంస్థ ఓషా నిబంధన. అదే దేశంలో నియోష్ అనే కార్మిక ఆరోగ్య పరిశోధన సంస్థ నానోట్యూబులకు 2013లో సిఫారసు చేసిన హద్దు 1 మైక్రోగ్రాము (మిల్లీగ్రాములో వెయ్యో వంతు). అంటే 5,000 రెట్ల తేడా. కాగితం మీద ఒక్క పేరుతో దుమ్ము లాగే హుడ్డు, ఫిల్టరు, ఏడాదికోసారి డాక్టరు, అన్నిటి ఖర్చూ మిగిలిపోయింది. రెండూ కార్బనే కదా అంటారు. వజ్రమూ కార్బనే. ఓనరు గారు ఇంట్లో ఉంగరానికి బొగ్గు పొదిగించి చూస్తే తెలుస్తుంది.

ఇక సైజు సంగతి. బెంగళూరు వాళ్లకి రియల్ ఎస్టేట్ భాషలో చెబితేనే ఎక్కుతుంది. ఒక సెంటీమీటరు ఘనాన్ని నానోమీటరు (సెంటీమీటరులో కోటో వంతు) ఘనాలుగా కోస్తే దాని ఉపరితలం 6,000 చదరపు మీటర్లు. దాదాపు 54 థర్టీ-ఫార్టీ (30×40 అడుగుల) సైట్లు! మన ఊపిరితిత్తుల్లోని గాలితిత్తులన్నీ విప్పి పరిస్తే అటూ ఇటూగా ఒక సైటు. అందులో ఇన్ని లేఅవుట్లు దిగితే కబ్జా కాక మరేమవుతుంది?

లోపల చెత్త మింగే కణాలున్నాయి, పాపం. పొట్టి రేణువైతే మింగేస్తాయి. పొడుగాటి ట్యూబు ఎదురైతే కుక్కపిల్ల మునక్కాయను మింగబోయినట్టే, సగం లోపల, సగం బయట. దాంతో వాపు. 2008లో ఎలుకల ఉదరకుహరంలోకి ఎక్కించి చూస్తే పొడవాటి ట్యూబులు ఆస్బెస్టాస్ పోగుల్లాగే ప్రవర్తించాయి. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఒక రకం ట్యూబుల్ని క్యాన్సర్ కారకం కావచ్చనే జాబితాలో చేర్చింది. ఇవన్నీ ఎలుకల మీదే కదా, మనుషుల్లో రుజువేదీ అని అడగడం న్యాయమే. మనుషుల్లో రుజువు కావాలంటే మనుషులు పీల్చాలి. ఆ ప్రయోగమే పీణ్యలో, ఓవర్‌టైం ఇచ్చి మరీ, సాగుతోంది.

పక్కనే యశ్వంతపూర్ దగ్గర ఐఐఎస్సీ అనే పెద్ద సైన్సు సంస్థలో నానో కేంద్రముంది. అలాంటి చోట్ల క్లీన్‌రూమ్‌లోకి, అంటే దుమ్ము చొరనివ్వని గదిలోకి, వెళ్లాలంటే తల నుంచి పాదం దాకా తెల్లటి ముసుగు వేసుకోవాలి. పొడి నుంచి మనిషిని కాపాడటానికని మురిసిపోకండి. మనిషి చుండ్రు నుంచి చిప్పును కాపాడటానికి. చిప్పు ఖరీదైంది మరి.

భోజనానికి ముందు మా వాడు కంప్రెసర్ గొట్టం తీసి చొక్కా మీద బుస్సుమని గాలి కొట్టుకున్నాడు. నల్లటి మబ్బొకటి లేచి ఇద్దరి మీదా వాలింది. క్యారేజీ మూత తియ్యబోతూ జేబులోంచి కాగితం పొట్లం విప్పాడు.

"తీసుకో బావా, నువ్వూ లోపలికొచ్చినావు గదా."

రెండు ముక్కలు తీసుకున్నాను.